ఇంటికి భూగర్భ విద్యుత్ కేబుల్: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట వైపు సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారిలో చాలామందికి కరెంటు స్తంభం గేటు దగ్గరే ఉంటుంది. ఇల్లు మాత్రం లోపలికి వందో నూట యాభయ్యో మీటర్ల దూరంలో లేస్తుంది. గేటు పక్కన బిగించిన మీటరు నుంచి ఇంట్లో మెయిన్ బోర్డు దాకా నేలలో పాతి తీసుకెళ్లే లావుపాటి తీగను వాడుకలో ‘యూజీ కేబుల్’ అనీ, ‘ఆర్మర్డ్ కేబుల్’ అనీ అంటారు. ఇంటి ప్లానులో వంటగదికీ పూజగదికీ ఇచ్చిన ఆలోచనలో పదో వంతు కూడా దీనికి దక్కదు. ఒకసారి పూడ్చేశాక ముప్పై నలభై ఏళ్లు మళ్లీ చూడని వస్తువు కాబట్టి దీన్ని మొదటే సరిగ్గా ఎంచుకోవడం అవసరం.

దూరం ఎందుకు వస్తుంది

ఎకరం అంటే 40 గుంటలు, 4,840 చదరపు గజాలు. సరిగ్గా నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లకు కాస్త తక్కువే. అయితే ఈ వైపు పొలాలు అన్నదమ్ములు నిలువునా పంచుకున్న ముక్కలు. బాటకు అందరికీ ముఖం ఉండాలని పంచడంతో 20 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు ఉండే ఎకరాలు ఏర్పడ్డాయి. అలాంటి చోట బాట దుమ్ముకు దూరంగా, బావి దగ్గరో చెట్ల కిందో ఇల్లు కట్టుకోవాలంటే కరెంటు లోపలి దాకా నడవాల్సిందే.

ఈ ప్రాంతం నలభై ఏళ్లలో పూర్తిగా మారిపోయింది. 44వ జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా, రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా పోతాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ కోసుకుంటూ వెళ్తుంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ ప్రాంగణం, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ వచ్చాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. వ్యవసాయ బావుల కోసం వేసిన లైన్ల పక్కనే ఇళ్లు లేచాయి. కరెంటు వ్యవస్థకు ఇప్పటికీ రెండు ముఖాలు కనిపిస్తాయి: ఒక పక్క కాలనీల లైన్లు, మరో పక్క మోటార్ల కోసం పొలాల్లో నిలబెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు.

తీగలను నేలలో పాతడం కొత్త సంగతేమీ కాదు. 1882 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఎడిసన్ ప్రారంభించిన పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం తొలి రోజు నుంచే నేలలోని గొట్టాల గుండా కరెంటు పంపింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ కేంద్రం వచ్చిన హైదరాబాద్‌లో మాత్రం స్తంభాల దారే స్థిరపడింది. బ్రిటన్‌లో సొంతంగా ఇల్లు కట్టుకునేవారికి సరఫరా సంస్థే నేలలోంచి కేబుల్ తెస్తుంది. తమ స్థలంలో గోతి మాత్రం ఇంటివారే తవ్వుకోవచ్చు. మన దగ్గర స్తంభం నుంచి మీటరు దాకా గాలిలో సర్వీస్ వైరు వస్తుంది. ఆ తర్వాతి దూరం ఇంటి యజమాని ఇష్టం, ఖర్చు, బాధ్యత.

సరఫరాదారు, యజమాని, మధ్యలో మీటరు

ఇక్కడ సరఫరా దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది, అంటే టీజీఎస్పీడీసీఎల్‌ది. ప్రధాన కార్యాలయం మింట్ కాంపౌండ్‌లో ఉంది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డును విడదీశాక 2000లో పుట్టిన ఏపీసీపీడీసీఎల్, రాష్ట్ర విభజనతో 2014 జూన్ 2న టీఎస్ఎస్పీడీసీఎల్ అయింది. 2024లో ఇప్పటి పేరు వచ్చింది. పాత బిల్లుల మీద మూడు పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అడిగినవారికి కనెక్షన్ ఇవ్వడం పంపిణీ సంస్థ విధి. 2020 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు దీనికి గడువులు పెట్టాయి. 2024 ఫిబ్రవరి సవరణతో అవి మహానగరాల్లో 3 రోజులకూ, ఇతర పురపాలక ప్రాంతాల్లో 7 రోజులకూ, గ్రామాల్లో 15 రోజులకూ తగ్గాయి. కొత్త లైను, కొత్త స్తంభాలు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అవసరమైతే సమయమూ ఎస్టిమేటూ వేరుగా ఉంటాయి.

మీటరు దాటిన ప్రతి మీటరు తీగా ఇంటివారిదే. అందులో వృథా అయ్యే కరెంటు బిల్లు వారిదే, అది తెగితే మరమ్మతు వారిదే, దాని వల్ల షాక్ కొడితే బాధ్యతా వారిదే. మీటరును ఇంటి గోడ మీద కాకుండా గేటు దగ్గర పెట్టించుకోవడమంటే ఈ మూడింటినీ ఒప్పుకోవడమే.

ఈ వైపు ఎక్కువగా కనిపించే ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి. పొలంలో బోరు మోటారుకు వ్యవసాయ కనెక్షన్ ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్ వస్తోంది. మోటారు డబ్బా నుంచే ఇంటికి తీగ లాగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఒక అవసరానికి ఇచ్చిన కరెంటును మరో అవసరానికి వాడటం చట్టంలో 126వ సెక్షన్ కిందికి వస్తుంది, రెండింతల ధరకు లెక్కగట్టి వసూలు చేస్తారు. అసలు కనెక్షనే లేకుండా తీగకు కొక్కెం వేస్తే 135వ సెక్షన్, అంటే దొంగతనం. ఇంటికి ఇంటి కనెక్షనే తీసుకోవాలి.

వోల్టేజీ లెక్క

కేబుల్ కొనేటప్పుడు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత లోడు?’. పొడవైన కేబుల్ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత దూరం?’. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య తేడా తెలియకే పొలంలోని ఇళ్లలో సాయంత్రాలు బల్బులు మసకబారుతున్నాయి.

ఒక లెక్క చూద్దాం. ఇంటి లోడు 5 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. 230 వోల్టుల దగ్గర ఇది దాదాపు 22 ఆంపియర్లు. 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ నేలలో ఇంచుమించు 70 ఆంపియర్లు మోస్తుంది. వేడి సంగతే చూస్తే ఇది మూడింతల బలమైన తీగ. కానీ దాని నిరోధం కిలోమీటరుకు 1.91 ఓములు. ఇల్లు 150 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్లిరావడానికి 300 మీటర్లు, అంటే 0.57 ఓము. 22 ఆంపియర్లకు పన్నెండున్నర వోల్టులు దారిలోనే ఆవిరైపోతాయి. తీగ వేడెక్కితే ఇంకొంచెం పెరుగుతుంది. ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజీ సరఫరాలో వోల్టేజీ 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చన్నది మన దేశంలో చిరకాలంగా ఉన్న కొలత. లైనులోనే 216 వోల్టులు వచ్చే సాయంత్రం ఇంట్లో 204 మిగులుతాయి.

ఇక మోటారు. ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు పది ఆంపియర్లకు అటూ ఇటూ తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో అయిదింతలు లాగుతుంది. 50 ఆంపియర్లకు ఇదే కేబుల్‌లో 28 వోల్టులకు పైగా పడిపోతాయి. ఇంటి వెనక మోటారు స్విచ్ నొక్కగానే హాల్లో లైట్లు ఒక్కసారి మునిగి తేలతాయి. వోల్టేజీ తక్కువున్న రోజు మోటారు తిరగక గుర్రుమంటుంది, కెపాసిటరో వైండింగో కాలిపోతుంది. తప్పు మోటారుదని మెకానిక్‌ను పిలుస్తారు. తప్పు కేబుల్‌ది.

వృథా కూడా చిన్నదేమీ కాదు. పూర్తి లోడు మీద ఈ కేబుల్ 270 వాట్లకు పైగా నేలను వేడిచేయడానికే ఖర్చుపెడుతుంది. మూడు నాలుగు సీలింగ్ ఫ్యాన్లు ఎవరికీ గాలి తగలకుండా తిరుగుతున్నట్టు లెక్క. అదంతా మీటరు దాటాక జరిగే వృథా, కాబట్టి బిల్లులో పడుతుంది.

దీనికి రెండు విరుగుళ్లున్నాయి. మొదటిది లావు పెంచడం. 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం నిరోధం కిలోమీటరుకు 1.20 ఓములు, అదే దూరానికి నష్టం 8 వోల్టులకు దిగుతుంది. 35కి వెళ్తే నిరోధం 0.868 ఓము, నష్టం ఆరు వోల్టుల లోపు. రాగి అయితే 16 చదరపు మిల్లీమీటర్లకే 1.15 ఓములు. అంటే నిరోధంలో 16 రాగి, 25 అల్యూమినియం దాదాపు సమానం, ధరలో మాత్రం కాదు.

రెండో విరుగుడు త్రీ ఫేజ్. ఇది చాలామంది ఊహించనంత పనిచేస్తుంది. అదే 5 కిలోవాట్లను మూడు ఫేజుల మీద సమంగా పంచితే ఒక్కో తీగలో 7 ఆంపియర్ల చిల్లరే పారుతుంది. మూడూ సమంగా ఉన్నంతసేపు న్యూట్రల్‌లో తిరుగు ప్రయాణం దాదాపు ఉండదు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో, అదే 150 మీటర్లకు, ఫేజుకు 2 వోల్టులే పడతాయి. ఆరో వంతు! కేబుల్‌లో రెండు కోర్ల బదులు నాలుగు కొంటాం, నష్టం ఆరింతలు తగ్గుతుంది. వంద మీటర్లు దాటితే త్రీ ఫేజ్ కనెక్షన్ అడగడమే తెలివైన పని. బోరుకు త్రీ ఫేజ్ మోటారు పెట్టుకోవచ్చు, రేపు కారు చార్జరు వచ్చినా భయం ఉండదు. లోడు మాత్రం ఏసీలన్నీ ఒకే ఫేజు మీద పడకుండా పంచాలి.

కేబుల్ లోపల

కోసిన కేబుల్ కొసను అరచేతిలో పెట్టుకుని చూస్తే దాని ధర ఎందుకంతో అర్థమవుతుంది. మధ్యలో వెండిలా మెరిసే నాలుగు అల్యూమినియం కోర్లు. ఒక్కో కోరు చుట్టూ ఎక్స్‌ఎల్‌పీఈ అనే ఇన్సులేషన్ పొర, ఎరుపు, పసుపు, నీలం, నలుపు గుర్తులతో. నాలుగింటినీ కలిపి పట్టి ఉంచే లోపలి తొడుగు. దాని మీద జింకు పూత పూసిన ఉక్కు పట్టీలు మెలికగా చుట్టి ఉంటాయి, అదే ఆర్మర్. అన్నిటికీ పైన నల్లటి పీవీసీ. ఆ తొడుగు మీద తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, కొలత, మీటరు మీటరుకూ పొడవు అంకె అచ్చువేసి ఉంటాయి. కొన్న పొడవును టేపుతో కాదు, మొదటి అంకెకూ చివరి అంకెకూ తేడాతో సరిచూసుకోవచ్చు.

ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లకు ఐఎస్ 7098, పీవీసీ కేబుళ్లకు ఐఎస్ 1554 ప్రమాణాలు. ఎక్స్‌ఎల్‌పీఈ 90 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది, మామూలు పీవీసీ 70 డిగ్రీలనే. పాతడానికి దొరికే రకాన్ని దుకాణంలో ‘ఏ2ఎక్స్ఎఫ్‌వై’ అంటారు: అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ, ఉక్కు పట్టీ, పీవీసీ. ‘మూడున్నర కోరు’ అనే రకం ఉంది, అందులో న్యూట్రల్ సగం లావు. ఇంటికి అది వద్దు. ఇంట్లో లోడు ఎప్పుడూ మూడు ఫేజుల మీద సమంగా ఉండదు, ఎల్ఈడీలూ ఇన్వర్టర్ ఏసీలూ న్యూట్రల్ మీద అదనపు భారం వేస్తాయి. నాలుగు కోర్లూ ఒకే లావున్నది తీసుకోవాలి.

ఆర్మర్ లేని మామూలు తీగను పీవీసీ పైపులో వేసి పాతేయడం ఈ వైపు మామూలే. పైపు అతుకుల్లోంచి వానాకాలం నీరు దిగుతుంది, తీగ ఏడాదికి మూడు నెలలు నీళ్లలో నానుతుంది. పందికొక్కు పైపును కొరికితే లోపలి తీగను కొరకడానికి దానికి ఇంకో నిమిషం చాలు. ఉక్కు పట్టీల దగ్గర దాని పళ్లు ఆగుతాయి.

తవ్వకం

ఇక్కడి నేల కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలలు ఉన్నాయి. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. చెరువు శిఖాల దగ్గర నల్ల రేగడి తగులుతుంది. ఒకే స్థలంలో గేటు దగ్గర జేసీబీ బకెట్ వెన్నలోకి దిగినట్టు దిగి, ఎనభై అడుగులు పోయాక కీచుమని ఆగిపోవచ్చు. అందుకే కేబుల్ దారి కాగితం మీద గీత గీసి నిర్ణయించకూడదు. గడ్డపారతో పది పదిహేను చోట్ల గుచ్చి చూసి, బండ తేలిన చోట పక్కకు తిప్పుకోవాలి. కేబుల్ కొంచెం పొడవు పెరుగుతుంది, రాక్ బ్రేకర్ ఖర్చు తప్పుతుంది.

కేబుళ్లు వేసే పద్ధతికి ఐఎస్ 1255 ప్రమాణం ఉంది. ఎల్‌టీ కేబుల్‌కు లోతు కనీసం 75 సెంటీమీటర్లు, రోడ్డు దాటే చోట మీటరు. నీటి పైపుకూ ఇంటర్నెట్, టెలిఫోన్ కేబుళ్లకూ 30 సెంటీమీటర్ల ఎడం. బండ అడ్డొచ్చి ఆ లోతు దొరకని చోట గట్టి పైపులో కేబుల్ దూర్చి పైన కాంక్రీటు పోయడం వాడుకలో ఉన్న మార్గం. లోతు తగ్గింది కదా అని మట్టి కప్పి వదిలేయడం మాత్రం రేపు అక్కడ మామిడి మొక్క నాటేవాడికి గండం.

గోతి అడుగున రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన ఇసుక పరవాలి. గ్రానైటు చిప్ప అంచు కత్తిలా ఉంటుంది, పైన మట్టి బరువు పడేకొద్దీ కేబుల్ తొడుగులోకి దిగుతుంది. డ్రమ్మును ఇనుప కడ్డీ మీద నిలబెట్టి తిప్పుతూ, పది అడుగులకొకరు భుజాన మోస్తూ తీసుకెళ్లాలి. నేల మీద ఈడిస్తే మొరం తొడుగును గీకేస్తుంది. ఈ లావు కేబుల్ మందం రెండు సెంటీమీటర్ల పైచిలుకు. మలుపు వ్యాసార్ధం మందానికి పన్నెండింతలు ఉండాలి కాబట్టి పావు మీటరుకు తగ్గి వంచకూడదు. రెండు కొసల దగ్గరా రెండు మూడు మీటర్ల మిగులు చుట్టగా వదలాలి. పైన మళ్లీ ఇసుక, ఆపైన వరుసగా ఇటుకలు, మట్టి సగం నింపాక హెచ్చరిక టేపు, ఆపై మిగతా మట్టి. భవిష్యత్తులో ఎవరు తవ్వినా మొదట టేపు, తర్వాత ఇటుక కనపడాలి, కేబుల్ మూడోది.

మధ్యలో అతుకు ఉండకూడదు. నూట అరవై మీటర్లు కావాల్సిన చోట దుకాణంలో మిగిలిన వంద, అరవై ముక్కలు చవగ్గా ఇస్తామంటే ఒప్పుకోకండి. టేపు చుట్టిన అతుకులోకి మొదటి వానకు కాకపోతే మూడో వానకు తేమ దిగుతుంది. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ అతుకు వదులైతే ప్రమాదం ఇంకా పెద్దది. ఒక ఫేజు మీద ఉన్న టీవీకో ఫ్రిజ్‌కో 230 బదులు 400 వోల్టుల దాకా పోవచ్చు. కేబుల్ ఎప్పుడైనా తెగి అతకక తప్పకపోతే రెసిన్ లేదా హీట్ ష్రింక్ కిట్‌తో, పని తెలిసినవాడితోనే చేయించాలి.

పనుల వరుస కూడా ముఖ్యం. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కాంపౌండు గోడ పునాది తవ్వాక కేబుల్ వేయాలి, గేటు నుంచి దారి పరిచేలోపు వేయాలి. ముందే వేసిన కేబుళ్లను తెగ్గొట్టేది ఎక్కువగా అదే ఇంటికి వచ్చిన జేసీబీయే. స్థలం బయట బాట దాటాలంటే స్థానిక సంస్థ అనుమతి, గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి వైపు రైలు పట్టాలు దాటాల్సి వస్తే రైల్వే అనుమతి తీసుకోవాలి.

రక్షణ, ఎర్తింగ్

మెయిన్ స్విచ్ ఇంట్లో ఒక్కచోట పెట్టి ఊరుకుంటే నూట యాభై మీటర్ల కేబుల్‌కు కాపలా లేనట్టే. మీటరు పక్కనే ఒక ఎంసీబీ ఉండాలి. అయితే ఇక్కడా దూరం అడ్డొస్తుంది. దుకాణంలో మామూలుగా ఇచ్చే ‘సీ’ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ షార్ట్ సర్క్యూట్‌లో తక్షణం తెగాలంటే 320 ఆంపియర్ల దాకా పారాలి. 150 మీటర్ల 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ చివర, లైను నిరోధం కూడా కలిశాక, అంత కరెంటు రాకపోవచ్చు. ‘బీ’ రకానికి 160 చాలు. మోటారు లాగుడుకు అది ఊరికే పడిపోతుంటే లావు కేబులే దారి. మనుషుల ప్రాణానికి ఇంటి బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి.

ఎర్తింగ్‌ను ఇంటి దగ్గరే చేయాలి. ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎలక్ట్రోడ్ రెండున్నర మీటర్లకు తగ్గకూడదు. బండ నేలలో ఆ లోతు దొరకడమే కష్టం, వేసవిలో మొరం ఎండి నిరోధం పెరుగుతుంది. ఒక్క గుంతతో సరిపెట్టకుండా ఎడంగా రెండు మూడు తవ్వి కలపడం, స్నానాల గది నీరు పారే తేమ వైపు ఒకటి పెట్టడం మేలు. కేబుల్ ఆర్మర్‌ను ఇత్తడి గ్లాండుతో బిగించి ఎర్త్‌కు కలపాలి. గ్లాండు లేకుండా డబ్బాలోకి దూర్చిన కేబుల్‌లో ఆర్మర్ ఉన్నా లేనట్టే: పలుగు దిగినప్పుడు కరెంటు ఎర్త్‌లోకి పోకుండా పలుగు పట్టుకున్న చేతిలోకి వస్తుంది. చివరగా మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష రెండుసార్లు, పూడ్చక ముందు ఒకసారి, పూడ్చాక ఒకసారి.

కేబుల్ కాకపోతే

దూరం మూడు నాలుగు వందల మీటర్లకు పోతే ఎల్‌టీ కేబుల్ లావు పెంచుకుంటూ పోవడం దండగ. 11 కిలోవోల్టుల లైనును ఇంటి దగ్గరికి తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మేలు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు 33 ఆంపియర్లు ఇస్తుంటే, 11 కిలోవోల్టుల వైపు పారేది 1.3 ఆంపియర్లే. అంత తక్కువ కరెంటుకు దారిలో నష్టం నామమాత్రం. మోటార్లకు హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ పంపిణీ వ్యవస్థ) పేరుతో పొలాల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు వేసింది ఈ సూత్రం మీదే. ఖర్చు పెద్దది కాబట్టి పక్క స్థలాలవారు కలిసి పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది.

సోలార్ పెట్టుకునేవారు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆ కరెంటు ఇంటి నుంచి గేటుకు, వెనక్కి పారుతుంది. పైన చెప్పిన సింగిల్ ఫేజ్ కేబుల్‌లో 13 ఆంపియర్లకు ఏడు వోల్టులకు పైగా ఈసారి ఇంటి వైపు పెరుగుతాయి. లైనులో వోల్టేజీ అప్పటికే ఎక్కువుంటే ఇన్వర్టర్ ఆగిపోతుంది, ఎండ వృథా అవుతుంది. రాత్రి మసక లైట్లకూ, పగలు ఆగే సోలార్‌కూ కారణం ఒకే సన్న కేబుల్.

గోతి పూడ్చే రోజు ఒక గంట ఎక్కువ కేటాయించండి. కాంపౌండు గోడ నుంచి కేబుల్ ఎంత ఎడంలో ఉందో ప్రతి మలుపు దగ్గరా కొలిచి, ఇంటి ప్లాను మీద గీసి, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి. ఒక ప్రతిని లామినేట్ చేయించి మీటరు డబ్బా తలుపు లోపలి వైపు అంటించండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ స్థలంలో గుంత తవ్వడానికి వచ్చే కూలీ మొదట తెరవాల్సింది ఆ తలుపే.